నలభై ఒక్క రోజుల నీళ్ళు

ఆ నివేదిక మూడు వందల పద్నాలుగు పేజీలు. నీలం అట్ట. వేసవి సెలవులు మొదలైన మూడో రోజున తెచ్చి మా బడిలో ఇచ్చి వెళ్ళారు. ఊళ్ళో జనం చదువుకోవడానికి ఒక ప్రతి ఎక్కడో ఒకచోట పెట్టాలట. అభ్యంతరాలుంటే అరవై రోజుల్లో రాసివ్వాలట. ఆ తర్వాత మా బడి హాల్లోనే విచారణ. హెడ్మాస్టరు గారు లైబ్రరీ తాళం చెవి నా చేతిలో పెట్టి, రోజూ పొద్దున రెండు గంటలు తెరిచి కూర్చోమన్నారు. మీకూ కాస్త బయటికి వచ్చినట్టు ఉంటుంది అన్నారు.

మా ఆయన పోయి అప్పటికి నాలుగు నెలలు. ఆ మాట నాతో చాలామంది అనేవారు. ఇంట్లో ఉంటే బయటికి రమ్మనేవారు. బయట కనబడితే ఇంటికెళ్ళి కాస్త నడుం వాల్చమనేవారు. రెండూ నావల్ల కాలేదు. లైబ్రరీలో పుస్తకాలన్నీ దించి, తుడిచి, సర్దాను. రెండు రోజులాగి మళ్ళీ దించాను. కుర్చీలో కూర్చుంటే కాలు దానంతటదే ఊగేది. క్లాసులో ఏ పిల్ల అలా కాలు ఊపినా నేను ఊరుకోను.

మొదటి వారంలో నివేదిక కోసం వచ్చినవాళ్ళు ముగ్గురు. ఒకాయన ఫ్యాను గాలికి వచ్చాడు. ఇంకొకాయన ఫోటోలు తిరగేసి పోయాడు. మూడో ఆయన తన పొలం మ్యాపులో ఉందో లేదో వెతుక్కుని, లేదని తేలాక సంతోషపడాలో నొచ్చుకోవాలో తెలియని మొహంతో వెళ్ళిపోయాడు. ఇక మిగిలింది నేను. కిటికీకీ బీరువాకీ మధ్య నడుస్తూ, నిలబడే చదివాను.

సంగతి ఇది. మా ఊరికి ఎగువన నేల కింద ఉప్పు పొర ఒకటుంది. దాన్ని ఒరుసుకుంటూ వచ్చే ఊట ఏట్లోకి దిగి, కింది ఊళ్ళ తాగునీటినీ తోటల్నీ పాడుచేస్తోంది. అందుకని ఒడ్డు వెంట వరసగా బోర్లు వేసి, ఆ ఊట ఏట్లో కలవకముందే పంపులతో తోడి, మెరక మీద తవ్విన పెద్ద చెరువులోకి గొట్టాల్లో పంపిస్తారు. ఎండకి నీళ్ళు ఎగిరిపోయి ఉప్పు మిగులుతుంది. మంచి పనే. దిగువన కొన్ని వేల ఇళ్ళు దానికోసం ఎదురుచూస్తున్నాయి. ఇప్పటికి ఒక్క చెరువే అయింది. ఇంకో నాలుగు తవ్వాలి. తవ్వేముందు, మొదటి చెరువు వల్ల చుట్టూ ఉన్న నేలకీ నీళ్ళకీ ఏమైనా చెరుపు జరిగిందా అని చూసి రాసినదే ఈ నివేదిక.

ఆ చెరువుకీ ఏటికీ మధ్య పల్లంలో ఒక మడుగు ఉంది. దాని గట్టున ఇరవై ఆరు ఇళ్ళు, ఆ ఇళ్ళ బావులు. చెరువు అడుగు నుంచి ఉప్పు ఇంకడమంటూ జరిగితే ముందు చేరేది ఆ మడుగుకే. అందుకని అక్కడ నీళ్ళు కొలిచే మూడో పాయింటు పెట్టారు. మొదటి రెండు పాయింట్లూ వంతెన మీద ఉన్నాయి, వాటికి యంత్రాలు బిగించారు. మూడోదానికి మాత్రం మనిషే వెళ్ళి రోజూ నీళ్ళు తీసి, ఉప్పెంతో చూపే మీటరు పెట్టి, అంకె రాయాలి. ఆ మనిషి మా ఆయన.

నూట ఎనభై ఎనిమిదో పేజీలో ఆయన పేరు అచ్చయి ఉంది, పక్కనే ‘అనుభవజ్ఞుడైన పరిశీలకుడు’ అని. దాని కింద ఒక వాక్యం. చెరువు నింపిన తర్వాత నలభై ఒక్క రోజుల పాటు తీసిన కొలతల ప్రకారం మడుగు నీటిలో ఉప్పు పెరగలేదు, పైగా స్వల్పంగా తగ్గింది.

అక్కడ నా నడక ఆగింది. పెరగకపోవచ్చు. తగ్గడం ఎందుకు? పేపరు దిద్దుతున్నప్పుడు, పైన లెక్కేమీ లేకుండా అడుగున జవాబు మాత్రం ఉంటే ఎర్ర పెన్ను ఎలా ఆగుతుందో, నా వేలు ఆ మాట మీద అలా ఆగింది. ఎక్కువసేపు ఆలోచించాల్సిన పనిలేకపోయింది. ఆ నలభై ఒక్క రోజులూ నీళ్ళు తెచ్చింది నేను.

*

వానలు వెనకబట్టాక చెరువు నింపారు. ఆ వారంలోనే ఆయన మెట్లు దిగడం మానేశారు. ఊపిరితిత్తులు. పైవాళ్ళకి చెప్పి వేరే మనిషిని పెట్టించండి అన్నాను. పంతొమ్మిదేళ్ళుగా ఆ ఏటి మీద ఒక్క రోజు కొలత తప్పలేదు, ఇప్పుడు తప్పనివ్వనన్నారు. నీళ్ళు నువ్వు తెచ్చిపెట్టు, అంకె నేను చూసి రాసుకుంటాను అన్నారు.

ఎలా తేవాలో వేళ్ళు ముడుస్తూ చెప్పారు. రేవులో డ్రమ్ములు కట్టిన చెక్క తెప్ప ఉంటుంది. ఈ గట్టు నుంచి ఆ గట్టుకి కట్టిన తాడు పట్టుకుని లాక్కుంటూ మడుగు మధ్యకి వెళ్ళాలి. తెప్ప కదలికకి అడుగు బురద లేస్తుంది. అది తేరుకునేదాకా అరగంట సేపు మెదలకుండా కూర్చోవాలి. అప్పుడు ఇత్తడి బుడ్డిని అడుగుదాకా వదిలి, తాడు ఒక్కసారి కుదిపితే బిరడా ఊడి అక్కడి నీళ్ళు నిండుతాయి. ఆ బుడ్డికి ఆయన పెట్టుకున్న పేరు బుడుంగు. నీళ్ళలో పడ్డప్పుడు అది చేసే చప్పుడు అదే.

మొదటి రోజు తెప్ప దాకా వెళ్ళాను. తాడు చేతికి తీసుకున్నాను కూడా. ఇంట్లో ఆయన, డెబ్భై ఎనిమిదేళ్ళ మా అత్తయ్య, ఇద్దరే ఉన్నారు. ఆయనకి ఆయాసం వచ్చేది పొద్దున పూటే. తొమ్మిదింటికి బడి గంట. బురద తేరుకోవడం కోసం అరగంట కూర్చోవడం నాకు ఆయన చాదస్తంలాగే తోచింది. తాడు వదిలేసి, రేవు మెట్టు మీద వంగి, బుడుంగుని చేత్తో ముంచి నింపుకుని ఇంటికి పరిగెత్తాను. ఆయన మంచం మీదే మీటరు పెట్టి చూసి తన చేత్తో రిజిస్టర్లో రాసుకున్నారు. ఏమీ అడగలేదు. నేనూ చెప్పలేదు. రెండో రోజూ అంతే, పదో రోజూ అంతే. నలభై రెండో రోజు నేను మడుగుకి వెళ్ళలేదు.

ఉప్పు నీళ్ళు బరువు. మంచినీళ్ళ కిందికి జారి అడుగున పరుచుకుంటాయి. ఈ పాఠం ఏటా ఆరో తరగతికి చెబుతాను. గాజు గ్లాసులో రంగు కలిపిన ఉప్పు నీళ్ళు చెంచా మీదుగా మెల్లగా జారవిడిచి, అవి అడుగుకి దిగడం చూపిస్తాను. పిల్లలు బెంచీలెక్కి చూస్తారు. పదహారేళ్ళుగా ఆ గ్లాసు పట్టుకుని నిలబడుతున్న మనిషిని నేను.

*

మా మరిది ఆ ప్రాజెక్టులోనే పంపులు చూస్తాడు. ఊళ్ళో అందరికీ పంపయ్య. అసలు పేరుతో పిలిస్తే వెనక్కి తిరిగి కూడా చూడడు. కాంట్రాక్టు ఉద్యోగం. మిగతా నాలుగు చెరువులూ వస్తే పర్మనెంటు చేస్తామన్నారు. నివేదికలో వాళ్ళ అన్నయ్య పేరు ఉందని ఎవరో చెప్పగా ఆ ఆదివారం ఇంటికి వచ్చాడు. గుమ్మంలో చెప్పులు విడుస్తూనే వదినా, పేజీ ఎంత అని అడిగాడు. పంపుల పక్కన పనిచేసి చేసి అతనికి మెల్లగా మాట్లాడటం పోయింది.

"ఊరంతటికీ చెప్పక్కర్లేదురా, ఇంట్లో ఉన్నది ఇద్దరం" అంది అత్తయ్య. "అందులో ఒకదానికి చెవుడు. నాకు కూడా వినబడుతోంది, అంత బాగా అరుస్తున్నావు."

నేను ఒక కాగితం మీద ఎత్తి రాసుకొచ్చిన వాక్యాన్ని అతనే చదివాడు. అత్తయ్య మళ్ళీ చదవమంది. అనుభవజ్ఞుడు అంటే ఏమిటని తెలిసి కూడా అడిగింది. పని బాగా వచ్చినవాడమ్మా అని చెప్పాడు. వాడికి పని రావడమేమిటి, పనికే వాడు వచ్చాడు అంది, కొంగుతో మొహం తుడుచుకుంటూ. తర్వాత మా మరిది నావైపు తిరిగి, అన్నయ్య పోతూ పోతూ కూడా నా సంగతి చూసిపెట్టాడు వదినా అన్నాడు. నేను టీ పెట్టే వంకతో లేచి వెళ్ళాను. స్టవ్ వెలిగించాను. గిన్నె పెట్టడం మరిచిపోయాను.

చెప్పకుండా ఉండగలననే అనుకున్నాను. నిజంగా చెరువు కారడం లేదేమో, పైన తీసినా అడుగున తీసినా ఒకటేనేమో. ఆ ‘ఏమో’ని పట్టుకుని పది రోజులు తిరిగాను. ఉతికిన దుప్పట్లే మళ్ళీ ఉతికాను. బజారుకని బయలుదేరి వంతెన దాకా వెళ్ళి, ఏం కొనాలో గుర్తురాక తిరిగొచ్చాను.

పదకొండో రోజున లైబ్రరీకి పల్లంలో ఉండే ఇస్త్రీ ఆవిడ వచ్చింది. ఇరవై ఆరు ఇళ్ళలో ఒకటి ఆమెది. చదువు రాదు. ఆ పుస్తకంలో సబ్బు గురించి ఏమైనా రాశారా టీచరమ్మా అని అడిగింది. ఎందుకన్నాను. కొన్నాళ్ళుగా ఎంత రుద్దినా నురగ రావడం లేదట. మూడు రకాల సబ్బులు మార్చిందట. "సబ్బులవాడు మోసం చేస్తున్నాడని దుకాణంలో పెద్ద గొడవ పెట్టుకున్నాను. వాడేమో అదే సబ్బుతో నా ముందే చేతులు కడిగి చూపించాడు. బుసబుసా నురగ. పరువు పోయిందనుకో. అంటే మా బావిదే కదా తప్పు?"

ఉప్పు నీళ్ళలో సబ్బు నురగ రాదు. అదీ ఆరో తరగతి పాఠమే. నేను ఆమెకి ఆ మాట చెప్పలేదు. కనుక్కుంటానన్నాను.

*

ఆయన పాత మీటరు ఒకటి బడికి ఇచ్చారు, సైన్సు బీరువాలో ఉంది. బుడుంగు మా ఇంట్లోనే ఉంది. తెప్ప మీద ఒక్కదాన్నీ వెళ్ళడానికి మాత్రం మనసొప్పలేదు. ఒకసారి మడుగుకి రావాలని మా మరిదిని అడిగాను. అన్నయ్య తిరిగిన చోటు చూడాలనిపించింది కాబోలు అనుకుని, మారుమాట లేకుండా వచ్చాడు. పొద్దున్నే వెళ్ళాం. మధ్యకి చేరాక తెప్పని ఆపి, అరగంట కదలకూడదన్నాను. ఎందుకన్నాడు. బురద తేరాలి అన్నాను. రెల్లు పక్క నీళ్ళు అద్దంలా ఉన్నాయి. అరగంట అంత పొడుగని నాకు అప్పటిదాకా తెలియదు. రెండుసార్లు లేవబోయి, తెప్ప ఊగితే మళ్ళీ కూర్చున్నాను. అతను మాత్రం చిన్నప్పుడు అన్నయ్య తనని ఏట్లో ఎలా ముంచి ఈత నేర్పాడో చెబుతూ హాయిగా కూర్చున్నాడు.

మొదట పై నీళ్ళు తీసి చూశాను. నాలుగు వందల ముప్పై. తర్వాత బుడుంగుని అడుగుకి వదిలి, తాడు కుదిపి, పైకి లాగి, మీటరు పెట్టాను.

"రెండు వేల తొమ్మిది వందల నలభై" అన్నాను.

అతను మీటరు లాక్కుని, జ్వరం చూసే గొట్టాన్ని విదిలించినట్టు విదిలించి మళ్ళీ పెట్టాడు. అంకె మారలేదు.

"అన్నయ్య ఎంత రాశాడు?"

"నాలుగు వందల పది, ఇరవై. అంతకు ముందు ఏడు నెలలూ ఆయన స్వయంగా వచ్చి అడుగున తీసినప్పుడు నాలుగు వందల అరవై."

"అయితే ఈ నాలుగు నెలల్లోనే దిగి ఉంటుంది."

"దిగి ఉండొచ్చు. అంతకుముందే దిగి ఉండొచ్చు కూడా. అప్పుడు ఎవరూ అడుగు నీళ్ళు చూడలేదు." ఆ తర్వాత మిగతాది చెప్పాను. రేవు మెట్టు, చేత్తో ముంచడం, నలభై ఒక్క రోజులూ.

అతను తాడు వంకే చూస్తూ ఎప్పుడూ లేనంత మెల్లగా అడిగాడు.

"ఇంకెవరికైనా చెప్పావా?"

"లేదు."

"చెప్పకు వదినా."

తెప్ప వెనక్కి లాగుతూ చాలా చెప్పాడు. తన ఉద్యోగం మాట ఎత్తలేదు, అది నేను ఒప్పుకోవాలి. నలభై ఒకటి తప్పని నువ్వంటే మిగతా పంతొమ్మిదేళ్ళలో ఎన్ని తప్పులున్నాయని వాళ్ళంటారు, రిజిస్టర్లో ఉన్నది అన్నయ్య చేతిరాత, నీది కాదు, చచ్చిపోయినవాడు లేచి వచ్చి జవాబు చెప్పుకోలేడు అన్నాడు. కావాలంటే ఇవాళ్టి అంకె రాసివ్వు, పాతవాటి జోలికి పోకు అన్నాడు. గట్టున దిగాక, "అన్నయ్యకి ఉన్నది ఆ రిజిస్టర్ ఒక్కటే వదినా. పిల్లలు కూడా లేకపోయిరి" అని, అన్నందుకు తనే నొచ్చుకుని ముందు నడిచాడు.

అతను చెప్పినట్టే చేశాను. నాకు అది న్యాయంగానే కనబడింది, లేదా అలా కనబడాలని కోరుకున్నాను. ఆ రోజు అంకె, తేదీ, తీసిన పద్ధతి, ఇరవై ఆరు బావుల సంగతి, సబ్బు సంగతి రాసి, నా సంతకం పెట్టి ఇచ్చాను. పాత రోజుల గురించి ఒక్క ముక్క రాయలేదు.

పద్దెనిమిది రోజులకి జవాబు వచ్చింది. టైపు చేసిన నాలుగు వాక్యాలు. పాఠశాలకు చెందిన పరికరంతో, శిక్షణ లేని వ్యక్తి ఒక్కసారి తీసిన కొలత ఇది. అనుభవజ్ఞుడైన పరిశీలకుడు వరసగా నలభై ఒక్క రోజులు నమోదు చేసిన కొలతలకు విరుద్ధంగా ఉంది. కనుక పరిగణనలోకి తీసుకోవడం సాధ్యం కాదు. మీ ఆసక్తికి ధన్యవాదాలు.

నా మాట కొట్టేయడానికి వాళ్ళు ఆయన పేరే వాడారు. ఆ కాగితం పట్టుకుని ఇంట్లో గదికీ గదికీ తిరిగాను. అత్తయ్య నా వెనకే తల తిప్పి తిప్పి చూసి, "అమ్మాయ్, నువ్వు కూర్చోకపోతే పోయావు, నా మెడ పట్టేస్తోంది" అంది. కూర్చున్నాను. చెప్పేయాలనిపించింది. ఆమె బియ్యంలో రాళ్ళు ఏరుతోంది, చూపు ఆనక వేళ్ళతోనే తడిమి. చెప్పలేకపోయాను.

*

విచారణ రోజున బడి హాల్లో ఎప్పుడూ లేనంత జనం. దిగువ ఊళ్ళ నుంచి రెండు బస్సుల్లో వచ్చారు, చెరువులు త్వరగా తవ్వమని అడగడానికి. వాళ్ళలో ఒక తోట రైతు ఎండిపోయిన చెట్టు వేరు సంచిలో తెచ్చి బల్ల మీద పెట్టాడు. ఆ రైతు చెప్పింది విన్నాక, అక్కడ నేను మాట్లాడబోయేది అతనికి ఎదురు మాటగా వినబడుతుందని తెలిసింది. పల్లం ఇళ్ళవాళ్ళు వెనక వరసలో ఉన్నారు. మా మరిది పంపుల వాళ్ళతో కలిసి తలుపు దగ్గర నిలబడ్డాడు.

సమీక్ష అధికారి ఒకావిడ. నా వయసే ఉంటుంది. కళ్ళజోడు తాడుతో మెడకి వేలాడేసుకుంది. అందరి మాటా తనే రాసుకుంటోంది. నా వంతు వచ్చేసరికి నా ఉత్తరం ఆమె ముందు ఉంది.

"టీచర్ గారూ, దీనికి జవాబు ఇచ్చాం కదా" అంది, విసుగు లేకుండానే.

"ఇచ్చారు మేడమ్. ఆ ఉత్తరంలో నేను ఒక సంగతి రాయలేదు. నూట ఎనభై ఎనిమిదో పేజీలో ఉన్న నలభై ఒక్క కొలతలూ మడుగు అడుగున తీసినవి కావు. రేవు మెట్టు దగ్గర పై నీళ్ళు ముంచినవి."

ఆమె కలం ఆగింది. మీకెలా తెలుసని అడిగింది.

"ముంచింది నేను."

హాల్లో కుర్చీలు కదిలాయి. రిజిస్టర్లో చేతిరాత ఎవరిదని అడిగింది. ఆయనదే అన్నాను. నీళ్ళు ఎక్కడివో ఆయనకి తెలుసా అని అడిగింది. తెలియదు, నేను చెప్పలేదు అన్నాను. అంతకు ముందు ఏడు నెలల కొలతల సంగతేమిటంది. అవి ఆయన తెప్ప మీద వెళ్ళి తీసినవి, వాటిలో తప్పు ఉండదన్నాను. అది మీరెలా చెప్పగలరంది. మొత్తం రిజిస్టరు పరిశీలించాల్సి వస్తుందని మీకు తెలుసు కదా అని, కలం కింద పెట్టి, మీరు కావాలంటే ఈ మాట వెనక్కి తీసుకోవచ్చు, నేనింకా రాయలేదు అంది.

"రాయండి" అన్నాను.

రాసింది. స్పెల్లింగు సరిచూసుకోమని కాగితం నావైపు తిప్పింది. చదివి సంతకం పెట్టాను. వెనక్కి తిరిగేసరికి తలుపు దగ్గర మా మరిది లేడు.

ఇంటికి నాకంటే ముందు అతను చేరాడు. నేను వెళ్ళేసరికి గేటు దగ్గర ఎదురుపడ్డాడు. నావైపు చూడకుండా పక్కకి తప్పుకుని వెళ్ళిపోయాడు. లోపల అత్తయ్య గోడవైపు తిరిగి పడుకుని ఉంది.

తర్వాత ఎనిమిది రోజులు ఆమె నాతో మాట్లాడలేదు. మాటలు పూర్తిగా మానేయడం కూడా ఆమెకి చేతకాదు. గోడలతో మాట్లాడేది. టీ ఇస్తే తాగేవాళ్ళు తాగుతారని స్తంభానికి చెప్పేది. ఫ్యాను ఆపమని ఫ్యానుకే చెప్పేది. నేను టీ ఇచ్చేదాన్ని, ఫ్యాను ఆపేదాన్ని. రిజిస్టర్లన్నీ పెట్టెల్లో సర్ది, ఆయన పనిచేసిన గది నుంచి జీపులో తీసుకెళ్ళారని విన్నాను. నాలుగు చెరువుల పని ఏడాది వాయిదా పడింది. మడుగు చుట్టూ కొత్త బోర్లు వేసి చూస్తారట. పల్లానికి రోజు విడిచి రోజు నీళ్ళ ట్యాంకరు వస్తోంది. ఇస్త్రీ ఆవిడ ఎదురుపడి నా చెయ్యి పట్టుకుంది. నేను చెయ్యి వెనక్కి తీసుకున్నాను. ఎందుకో తెలియదు. మా మరిది ఆ తర్వాత నెలల తరబడి మా గడప తొక్కలేదు.

తొమ్మిదో రోజు పొద్దున అత్తయ్య తల దువ్వుతున్నాను. ఆ ఒక్క పనికి మాత్రం అలకలోనూ నన్నే రానిచ్చేది.

"వాడికి తెలియదని చెప్పావటగా అక్కడ" అంది.

ఔనన్నాను.

"తెలుసు."

దువ్వెన ఆపాను. దువ్వు, ఆపకు అంది. ఆమె మొహం నాకు కనబడటం లేదు. ఆమె గొంతు మాత్రం మామూలుగానే ఉంది.

"నువ్వు గేటు దాటిన దగ్గర్నుంచి గడియారం చూస్తూనే ఉండేవాడు. రెండో రోజో మూడో రోజో, నువ్వు నీళ్ళిచ్చి లోపలికి వెళ్ళాక, ఇది ఒడ్డు నీళ్ళమ్మా, అడుగువి కావు అన్నాడు. అంత తొందరగా ఎలా వస్తుంది అన్నాడు. మరి దానికి చెప్పరా అన్నాను. చెబితే రేపటి నుంచి ఇంకో అరగంట అక్కడే ఉండిపోతుంది, వద్దులే, వచ్చేయనీ అన్నాడు. ఆ ముక్క అని, రాసుకున్నాడు."

జడ వెయ్యాలి. మూడు పాయలు తీసి మళ్ళీ కలిపేశాను.

"నేనైతే ఎవరికీ చెప్పేదాన్ని కాదు" అంది అత్తయ్య. "నువ్వు చెప్పావు. సరే."

ఆమె అన్న ఈ సంగతి నేను అధికారికి రాసివ్వలేదు. ఇవాళ ఇక్కడ రాస్తున్నాను.

ఆ పొద్దుల్లో నేను తిరిగొచ్చాక మేం చేసింది చెప్పుకోదగ్గదేమీ లేదు. ఆయన అంకె రాసుకునేవారు. నేను మంచం అంచున కూర్చుని జడ వేసుకుంటే పిన్నులు ఒక్కొక్కటే అందించేవారు. ఇవాళ ఏ పాఠం అని అడిగేవారు. చెబితే, ఆయాసం మధ్య, అందులో పిల్లలకి ఎక్కడ అర్థం కాదో చెప్పేవారు. ఎక్కువసార్లు అదే నిజమయ్యేది. బడి వేళయ్యేదాకా అలా కూర్చునేవాళ్ళం.

అత్తయ్య జడ పూర్తిచేసి, చివర ముడి వేసి, ఆమె భుజం మీదుగా ముందుకి వేశాను. రోజుకి అరగంట, నలభై ఒక్క రోజులు. ఇరవై గంటల ముప్పై నిమిషాలు. ఎంత సులువైన లెక్కో, అయినా ఇంకోసారి వేసి చూసుకున్నాను.